టీవీ తెర మీద తెలుగు అక్షరం – గీతల లెక్క చరిత్ర

చరిత్ర అంటే రాజులు, యుద్ధాలు, తేదీలు అని చాలామంది అనుకుంటారు. కానీ తరగతి గోడకు తగిలించిన టీవీకి కూడా ఒక చరిత్ర ఉంది. టీచరు లాప్‌టాప్‌ను టీవీకి కలిపి పాఠం చూపించేటప్పుడు ఆ రెండు యంత్రాలూ ఒకే లెక్కకు ఒప్పుకోవాలి. తెర మీద అడ్డంగా ఎన్ని చుక్కలు, నిలువుగా ఎన్ని వరసలు అన్నదే ఆ లెక్క. దాన్ని రిజల్యూషన్ అంటారు. లెక్క కుదరకపోతే బొమ్మలు ఎలాగో అర్థమవుతాయి, ఇంగ్లీషు అక్షరాలు కూడా ఎలాగో చదవొచ్చు. మన తెలుగు అక్షరాలకే ఎక్కువ దెబ్బ. ఈ లెక్క ఎక్కడ పుట్టింది, మన దేశానికి ఎలా వచ్చింది, మన అక్షరానికీ దానికీ సంబంధం ఏమిటి అనేది ఈ వ్యాసంలో రాస్తున్నాను.

30 గీతలతో మొదలు

1926 జనవరి 26న లండన్‌లో జాన్ లోగీ బెయిర్డ్ అనే ఆయన శాస్త్రవేత్తల ముందు టెలివిజన్‌ను చూపించాడు. ఆయన తెర మీద బొమ్మను గీసింది కేవలం 30 గీతలతో. 30 గీతల్లో మనిషి ముఖం ఉందని తెలుస్తుంది, అంతే. ఒక పుస్తకం పేజీ పెట్టి చదవమంటే ఎవరూ చదవలేరు. 1936లో బీబీసీ 405 గీతల టీవీని మొదలుపెట్టింది. రెండో ప్రపంచ యుద్ధం తరువాత యూరప్ దేశాలు ఎక్కువగా 625 గీతల పద్ధతికి వచ్చాయి. అమెరికాలో మాత్రం 525 గీతలు.

ఒక్కో దేశానికి ఒక్కో లెక్క ఎందుకు? దీనికి కరెంటుతో సంబంధం ఉంది. మన ఇళ్ళలో వచ్చే కరెంటు సెకనుకు 50 సార్లు ఊగుతుంది. అమెరికాలో 60 సార్లు. టీవీ బొమ్మ మారే వేగం కరెంటు ఊగే వేగంతో కలవకపోతే, ఆ కాలం సెట్లలో తెర మీద నల్లని పట్టీలు పైకీ కిందికీ జరిగేవి. అందుకని 50 కరెంటు ఉన్న దేశాలు సెకనుకు 50 సగం బొమ్మలు పంపేవి. మొదట 1, 3, 5 అని బేసి గీతలు, తరువాత 2, 4, 6 అని సరి గీతలు. రెండు సగాలు కలిస్తే ఒక పూర్తి బొమ్మ. అలా సెకనుకు 25 పూర్తి బొమ్మలు. మన కన్ను ఆ రెండు సగాలను తనంతట తానే కలిపేసుకుంటుంది.

1959 సెప్టెంబరు 15న ఢిల్లీలో మన దేశపు టీవీ ప్రయోగంగా మొదలైంది. మనం తీసుకున్నది 625 గీతల పద్ధతి. ఈ 625లో బొమ్మ కనిపించేది సుమారు 576 గీతల్లోనే. మిగిలిన గీతల సమయం, తెరను గీసే కిరణం కింది నుంచి మళ్ళీ పైకి పోవడానికి పడుతుంది.

ఊరంతటికీ ఒక టీవీ – 1975

లాప్‌టాప్‌ను టీవీకి కలపడం అంటే పంపేవాడికీ అందుకునేవాడికీ మధ్య ఒప్పందం కుదర్చడం. మన తెలుగువాళ్ళకు ఇలాంటి ఒప్పందం పెద్ద ఎత్తున మొదటిసారి కుదిరింది 1975లో అని నాకు అనిపిస్తుంది.

విక్రమ్ సారాభాయ్ గారికి ఒక ఆలోచన ఉండేది. పట్టణాల్లో టీవీ పెట్టి మెల్లగా పల్లెలకు పోవడం కాదు, ఉపగ్రహం నుంచి నేరుగా పల్లెకే పాఠం దించాలి. 1969లో మన దేశానికి, అమెరికా నాసాకు ఒప్పందం కుదిరింది. సారాభాయ్ గారు 1971లో చనిపోయారు. అయినా పని ఆగలేదు. నాసా వారి ఏటీఎస్-6 ఉపగ్రహం ద్వారా 1975 ఆగస్టు 1 నుంచి 1976 జూలై 31 దాకా ఆరు రాష్ట్రాల్లో సుమారు 2,400 పల్లెలకు టీవీ కార్యక్రమాలు వచ్చాయి. ఆ ఆరింటిలో ఆంధ్రప్రదేశ్, కర్ణాటక రెండూ ఉన్నాయి. దీని పేరు సైట్. పొద్దున బడి పిల్లలకు, సాయంత్రం పెద్దవాళ్ళకు వ్యవసాయం, ఆరోగ్యం లాంటి విషయాలు. తెలుగు, కన్నడ కార్యక్రమాల తయారీకి కేంద్రం హైదరాబాదు.

ఇందులో నాకు బాగా నచ్చిన సంగతి కలిపే పద్ధతి. ఉపగ్రహం నుంచి వచ్చే సంకేతం మామూలు టీవీకి అర్థం కాదు. అందుకని మూడు మీటర్ల వెడల్పున్న, కోళ్ళ గూటికి వాడే లాంటి ఇనుప వల గొడుగును బయట పెట్టేవారు. దానికీ టీవీకీ నడుమ ఒక మార్పిడి పెట్టె. ఆకాశం నుంచి వచ్చినదాన్ని టీవీ ఒప్పుకునే రూపంలోకి అది మార్చేది. ఈ సెట్లను తయారుచేసింది హైదరాబాదులోని ఈసీఐఎల్. ఆ సంస్థను నిలబెట్టిన ఏ.ఎస్. రావు గారు, అంటే అయ్యగారి సాంబశివరావు గారు, పశ్చిమ గోదావరి జిల్లా మోగల్లులో పుట్టిన తెలుగువారు. ఇప్పుడు ఎవరైనా లాప్‌టాప్‌కూ టీవీకీ నడుమ ఒక చిన్న అడాప్టర్ పెడితే, నాకు ఆ మార్పిడి పెట్టె గుర్తొస్తుంది. పని అదే, సైజు తగ్గింది.

ఇంకో సంగతి కూడా ఉంది. ఆ ఉపగ్రహం ఒక బొమ్మతో పాటు రెండు మాటల దారులను పంపగలదు. అంటే ఒకే బొమ్మ, రెండు భాషలు. బెంగళూరులో ఉంటూ ఇంట్లో తెలుగు, వీధిలో కన్నడ మాట్లాడే మా లాంటి పిల్లలకు ఈ ఏర్పాటు గొప్పతనం వెంటనే అర్థమవుతుంది. పాఠం ఒకటే అయినా ఎవరి భాషలో వారికి అందాలి అని 50 ఏళ్ళ కిందటే ఆలోచించారు.

ఏడాది అయ్యాక ఉపగ్రహం గడువు తీరింది, కార్యక్రమాలు ఆగిపోయాయి. తరువాత 1977లో హైదరాబాదు దూరదర్శన్ వచ్చింది. 1982లో ఢిల్లీ ఆసియా క్రీడల సంవత్సరంలో రంగుల టీవీ వచ్చింది. రంగు వచ్చినా గీతలు మాత్రం అవే 625.

కంప్యూటర్ టీవీతో కలిసిన రోజులు

కంప్యూటర్‌ను టీవీకి కలపడం ఇప్పటి విద్య అనుకుంటాం. నిజానికి మొదట్లో ఇళ్ళకు వచ్చిన కంప్యూటర్లు చాలావరకు టీవీకి కలిపేవే. 1984లో మన ప్రభుత్వం ‘క్లాస్’ అనే పథకం కింద 250 బడులకు కంప్యూటర్లు ఇవ్వడం మొదలుపెట్టింది. అవి ఇంగ్లాండ్‌లో 1981లో తయారైన బీబీసీ మైక్రో అనే రకం. దాని వెనుక యాంటెన్నా తీగతో మామూలు టీవీకి కలిపే రంధ్రం ఒకటి, మంచి మానిటర్‌కు కలిపే రంధ్రాలు వేరేగా ఉండేవి.

మా నాయన చిత్తూరు జిల్లాలో చిన్నప్పుడు ఊళ్ళో టీవీ, డెక్కు అద్దెకు తెచ్చి రాత్రంతా సినిమాలు చూసేవారట. డెక్కు తీగను టీవీ యాంటెన్నా రంధ్రంలో పెట్టి, బొమ్మ వచ్చేదాకా చానల్ తిప్పేవారట. బీబీసీ మైక్రోను టీవీకి కలపడం కూడా అచ్చం అంతే.

ఆ యంత్రంలో రిజల్యూషన్‌ను ఎంచుకోవాలి. దానికి మొత్తం జ్ఞాపకశక్తి 32 కిలోబైట్లు. మోడ్ 0 అని పెడితే 640 × 256 చుక్కలు, వరసకు 80 అక్షరాలు. కానీ దానికే 20 కిలోబైట్లు అయిపోతాయి, పైగా మామూలు టీవీ మీద అంత చిన్న అక్షరాలు అలుక్కుపోతాయి. మోడ్ 7 పెడితే వరసకు 40 అక్షరాలే, కానీ ఒక కిలోబైటు చాలు, దూరం నుంచి కూడా స్పష్టంగా కనిపిస్తాయి. ఎక్కువ చుక్కలు ఉంటే ఎప్పుడూ మేలే అనుకోకూడదు, ఎదుటి తెర ఎంత చూపించగలదో అంతే పంపాలి అని అప్పుడే తేలింది.

తెలుగు అక్షరానికి ఎన్ని చుక్కలు కావాలి?

ఆ కంప్యూటర్‌లో ఒక ఇంగ్లీషు అక్షరానికి ఇచ్చిన చోటు 8 చుక్కల వెడల్పు, 8 చుక్కల ఎత్తు. దాంట్లో ఇంగ్లీషు అక్షరాలు పడతాయి. మరి మన ‘స్త్రీ’ పడుతుందా? నేను గడుల నోటుబుక్కులో 8 గడుల ఎత్తులో రాసి చూశాను. పైన గుడి దీర్ఘం, నడుమ స, కింద తావత్తు, రావత్తు. పైనకు రెండు గడులు, కిందకు మూడు గడులు పోతే ‘స’కు మూడే మిగులుతాయి. మూడు గడుల్లో స రాయడం ఎవరి వల్లా కాదు. 16 గడులు తీసుకుంటే ఎలాగో రాయొచ్చు. 24 అయితే నిజంగా తెలుగులా కనిపించింది.

ఇంకో కష్టం ఉంది. ద–ధ, డ–ఢ, ప–ఫ, చ–ఛ ఈ జంటలు చూడండి. తేడా అంతా కింద ఒక చిన్న నిలువు గీతే. తెర మీద ఆ గీత ఒకటి రెండు చుక్కలే ఉంటుంది. రిజల్యూషన్ కుదరకపోతే మొదట మాయమయ్యేది అదే. ‘ధనము’ ‘దనము’ అవుతుంది.

అందుకే మన భాషలను కంప్యూటర్ తెర ఎక్కించడానికి వేరేగా కష్టపడాల్సి వచ్చింది. 1980లలో ఐఐటీ కాన్పూర్‌లో మొదలై, తరువాత పూణే సీ-డాక్ ద్వారా ‘జిస్ట్’ అనే కార్డు వచ్చింది. దాన్ని కంప్యూటర్ లోపల పెడితే తెర మీద భారతీయ లిపులు వచ్చేవి. 1991లో యూనికోడ్ మొదటి కూర్పులోనే తెలుగుకు చోటు దక్కింది. 2001లో విండోస్ ఎక్స్‌పీతో పాటు ‘గౌతమి’ అనే తెలుగు అక్షరాల ఫాంటు వచ్చింది. అప్పటి నుంచి కార్డులేమీ లేకుండానే తెలుగు మామూలు కంప్యూటర్ మీద కనిపించసాగింది. ఇంతమంది ఇన్నేళ్ళు పడిన కష్టం చివరికి మన తరగతి టీవీ దగ్గర ఒక తప్పు సెట్టింగు వల్ల వృథా కాకూడదు కదా!

పలక టీవీలు, పాత అలవాట్లు

పాత డబ్బా టీవీలలో తెర అంచుల్లో బొమ్మ సరిగ్గా ఉండేది కాదు, వంకరపోయేది. అందుకని కంపెనీలు బొమ్మను కొంచెం పెద్దది చేసి, అంచులు ఫ్రేము వెనక దాక్కునేలా చేసేవి. దీన్ని ఓవర్‌స్కాన్ అంటారు. సినిమా చూసేవాళ్ళకు దీనితో నష్టం లేదు. తరువాత పలకలాంటి ఎల్‌సీడీ టీవీలు వచ్చాయి. వాటికి వంకర అంచులు లేవు. అయినా అలవాటు పోలేదు. చాలా టీవీలు ఇప్పటికీ బొమ్మను కొంచెం సాగదీసి అంచులు కోసేస్తాయి. లాప్‌టాప్ కలిపినప్పుడు కింద ఉండే పట్టీ కనిపించకపోవడానికి కారణం ఇదే.

రెండో వింత 1366. ‘హెచ్‌డీ రెడీ’ అని అమ్మిన 32 అంగుళాల టీవీల్లో చాలావాటికి, చాలా లాప్‌టాప్‌లకు తెర 1366 × 768 చుక్కలు. కంప్యూటర్లలో అంతకుముందే 768 వరసల తెరలు ఉండేవి. వెడల్పును కొత్త 16:9 ఆకారానికి పెంచితే 1365 చిల్లర వచ్చింది, దాన్ని 1366 చేశారు. 1366ను 8తో భాగిస్తే 170.75. అంటే సరిగ్గా పోదు. తెరల కొలతలు చెప్పుకునే పాత పద్ధతిలో వెడల్పును ఎనిమిదుల్లోనే లెక్కపెడతారు. అందుకే అలాంటి టీవీకి కలిపితే కొన్ని లాప్‌టాప్‌లు 1360 × 768 అని చూపిస్తాయి. అది యంత్రం పొరపాటు కాదు, లెక్క కుదరక చేసుకున్న సర్దుబాటు.

ఫుల్ హెచ్‌డీ టీవీకి 1920 × 1080, అంటే 20,73,600 చుక్కలు. 4కె టీవీకి 3840 × 2160, సరిగ్గా నాలుగింతలు. మన దూరదర్శన్ హెచ్‌డీలో ప్రసారం మొదలుపెట్టింది 2010 ఢిల్లీ కామన్వెల్త్ క్రీడలప్పుడు. రంగూ హెచ్‌డీ రెండూ ఆటల పోటీల పుణ్యమే అన్నమాట.

రెండు యంత్రాలు మాట్లాడుకోవడం

1994లో వెసా అనే ప్రమాణాల సంస్థ ఒక మంచి పని చేసింది. ప్రతి తెర లోపల 128 బైట్ల చిన్న పరిచయ పత్రం ఉండాలని నిర్ణయించింది. నేనెవరు, నా సైజెంత, నాకు ఏ రిజల్యూషన్ ఇష్టం అనేది అందులో ఉంటుంది. తీగ పెట్టగానే కంప్యూటర్ దాన్ని చదువుకుంటుంది. దాని పేరు ఈడీఐడీ. 2002 డిసెంబరులో హెచ్‌డీఎంఐ వచ్చింది. బొమ్మ, మాట రెండూ ఒకే తీగలో పోతాయి, ఈ పరిచయ పత్రం కూడా అందులోనే. కాబట్టి ఇప్పుడు చాలాసార్లు లెక్క దానంతట అదే కుదురుతుంది. కుదరనప్పుడు మాత్రం మనిషే కుదర్చాలి.

మా తరగతిలో జరిగింది

మాది కర్ణాటక సిలబస్, చదివే భాష తెలుగు. మాకు సరిపోయే వీడియో పాఠాలు బయట దొరకడం తక్కువ. అందుకని మా మిస్ సొంతంగా లాప్‌టాప్‌లో తెలుగులో టైపు చేసుకొచ్చి టీవీలో చూపిస్తారు. టీవీ 1920 × 1080, లాప్‌టాప్ 1366 × 768. రెండు తెరల్లోనూ ఒకటే కనిపించేలా పెట్టడంతో టీవీకి 1366 లెక్కే పోయేది. అప్పుడు లాప్‌టాప్‌లోని ఒక చుక్కను టీవీ 1.4 చుక్కల మీద పరచాలి. 0.4 చుక్క అనేది లేదు కాబట్టి పక్క చుక్కలతో కలిపి బూడిద రంగు చేసేస్తుంది. దాంతో అక్షరాల అంచులు అలుక్కుపోతాయి.

ముందు బెంచీల వాళ్ళకు ఏమీ తెలియలేదు. చివరి బెంచీలో మా స్నేహితుడు ఒకడు ‘విధి’ని ‘విది’ అని రాసుకున్నాడు, ‘ఘాతం’ అన్న మాటను అసలు వదిలేశాడు. వాడికి కళ్ళు సరిగ్గా లేవేమో అని అందరూ అనుకున్నారు. వాళ్ళమ్మ గార్మెంట్ ఫ్యాక్టరీలో ఒక పూట పని మానుకుని కంటి డాక్టరు దగ్గరికి తీసుకుపోయింది. కళ్ళు బాగానే ఉన్నాయన్నారు. అప్పుడు మా సైన్స్ సార్ సెట్టింగ్స్ తెరిచి చూశారు. ఆరోజు సార్ చేసిన పనులనే నేను వరసగా రాసుకున్నాను.

1. ముందు టీవీ అసలు రిజల్యూషన్ ఎంతో పెట్టె మీదో పుస్తకంలోనో చూసుకోవాలి.
2. హెచ్‌డీఎంఐ తీగ పెట్టాక విండోస్ కీ, పి కీ కలిపి నొక్కాలి. రెండు తెరల్లో ఒకటే చూపించే పద్ధతి బదులు ‘రెండో తెర మాత్రమే’ లేదా ‘పొడిగించు’ అనేదాన్ని ఎంచుకోవాలి. అప్పుడు టీవీకి దాని సొంత లెక్క ఇవ్వొచ్చు.
3. డిస్‌ప్లే సెట్టింగ్స్‌లో టీవీని ఎంచుకుని, ‘సిఫార్సు చేసినది’ అని ఉన్న రిజల్యూషన్ పెట్టాలి.
4. అక్షరాలు చిన్నగా ఉన్నాయని రిజల్యూషన్ తగ్గించకూడదు. స్కేల్ అనే చోట 150 శాతం పెట్టాలి. అప్పుడు అక్షరం పెద్దదవుతుంది, చుక్కలు తగ్గవు.
5. అంచులు తెగిపోతే టీవీ రిమోట్‌తో పిక్చర్ సైజులోకి పోయి ‘జస్ట్ స్కాన్’, ‘స్క్రీన్ ఫిట్’ లాంటి పేరున్నది ఎంచుకోవాలి. ఒక్కో కంపెనీ ఒక్కో పేరు పెడుతుంది.
6. టీవీలో షార్ప్‌నెస్ బాగా పెంచి ఉంటే తగ్గించాలి. లేకపోతే అక్షరాల చుట్టూ తెల్లని నీడ వస్తుంది.
7. 4కె టీవీలో మౌస్ ఈడ్చుకుంటూ కదిలితే, తీగ పాతది కావొచ్చు, లేదా సెకనుకు 30 బొమ్మలే పోతుండొచ్చు. 60 పెట్టి చూడాలి. కుదరకపోతే 1920 × 1080 పెట్టుకున్నా నష్టం లేదు, ఎందుకంటే ఒక చుక్క సరిగ్గా నాలుగు చుక్కలవుతుంది.

దీనికి నేను ఎనిమిదోది ఒకటి కలిపాను. తెర మీద ‘ద ధ, డ ఢ, ప ఫ, చ ఛ, స్త్రీ’ అని రాసి, చివరి బెంచీలో కూర్చున్న వాళ్ళ చేత చదివించాలి. వాళ్ళు చదివితేనే లెక్క కుదిరినట్టు. ఇప్పుడు మా తరగతిలో పాఠానికి ముందు ఇలా చదివిస్తున్నారు. అర నిమిషం కూడా పట్టదు.

ముగింపు

మా బొమ్మనహళ్ళి నుంచి హోసూరు రోడ్డు మీద ఇంకొంచెం ముందుకు పోతే ఎలక్ట్రానిక్ సిటీ వస్తుంది. ఆర్.కె. బాళిగ గారి ఆలోచనతో కియోనిక్స్ సంస్థ 1970లలో దాన్ని మొదలుపెట్టింది. అక్కడ పనిచేసే వాళ్ళలో మన తెలుగువాళ్ళు చాలామంది ఉన్నారు. ఇంత దగ్గరలో ఇంత ఎలక్ట్రానిక్స్ ఉన్నా, ఒక పిల్లవాడు చివరి బెంచీలో అక్షరం కనపడక తనకు చదువు రాదేమో అనుకుంటే అది న్యాయం కాదు.

30 గీతల నుంచి 2160 వరసల దాకా వచ్చిన ఈ చరిత్ర చదివాక నాకు అర్థమైంది ఇది. ప్రతి కాలంలోనూ యంత్రం ఎంత గొప్పదైనా, అందుకునే చివరి మనిషిని తలచుకుని లెక్క కుదిర్చినప్పుడే పని జరిగింది. 1975లో పల్లె చివర కూర్చున్న వాళ్ళ కోసం ఇనుప వలతో గొడుగు చేశారు, భాషకొక మాట దారి పెట్టారు. మనం చేయాల్సింది అంతకంటే చాలా చిన్న పని. తల్లిదండ్రులకు నా మనవి: పిల్లలు బోర్డు కనిపించడం లేదు, టీవీ కనిపించడం లేదు అంటే డాక్టరుకు చూపించండి, దాంతో పాటు బడిలో టీవీ ఎలా పెట్టారో కూడా ఒకసారి అడగండి. టీచర్లకు నా మనవి: టీవీ పెట్టాక ఒక్కసారి చివరి బెంచీ దాకా నడిచి చూడండి. తోటి విద్యార్థులకు చెప్పేది ఒకటే: అక్షరం కనపడకపోతే ఊరుకోకండి, చెయ్యెత్తి చెప్పండి.